ఏటి వంపులో టోలీలు

మా వంశం ఎక్కడ మొదలైందని అడిగితే మా మేనమామ కొడుకులు రూబెన్ టోలీ తాత పేరు చెప్పి ఊరుకుంటారు. హాక్స్‌బరీ ఏటి వంపులో ముప్పై ఎకరాలు ఆయన పేరున వచ్చాయి కాబట్టి అన్నీ ఆయనతోనే మొదలయ్యాయని వాళ్ళ లెక్క. నిజానికి ఆయన ఆ నేల మీద బతికింది కొద్ది ఏళ్ళే. ఆ తర్వాత దాన్ని పట్టుకుని వేలాడింది మా అమ్మమ్మ హెస్టర్. నేను చెప్పేది ఆవిడ సంగతి.

అమ్మమ్మది ఇంగ్లండులో డోర్సెట్. వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళంతా బొత్తాలు చుట్టేవాళ్ళు. పొట్టేలు కొమ్ము బిళ్ళ మీద నారదారం చుట్టడం, కుట్టడం, పొద్దస్తమానం అదే పని. కళ్ళు పోయేదాకా చుట్టినా కడుపు నిండేది కాదు. తల్లి జబ్బుతో మంచాన పడ్డ చలికాలంలో అమ్మమ్మ యజమాని ఇంట్లోంచి ఒక ఉన్ని దుప్పటి, ఒక వెన్నముద్ద ఎత్తుకొచ్చింది. మర్నాడే పట్టుకున్నారు. ఏడేళ్ళ శిక్ష వేసి, ఖైదీల ఓడ ఎక్కించి సముద్రాల అవతల సిడ్నీకి పంపారు. తల్లి ఆ దుప్పటి కింద పోయిందో, దాన్ని లాక్కున్నాక చలికి పోయిందో అమ్మమ్మకు ఎప్పటికీ తెలియలేదు.

తాత థేమ్స్ నది మీద సరుకు పడవలు నడిపినవాడు. చక్కెర బస్తా ఒకటి దారి మళ్ళించి దొరికిపోయాడు. మంచి పనిమంతుడు, అంతకు మించిన మొండివాడు. ఇద్దరి శిక్షలూ తీరాక సిడ్నీలో పెళ్ళి చేసుకున్నారు. ఏటి ఒడ్డున భూములు ఇస్తున్నారంటే తాత అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాడు.

ఆ నేల చూసి ఆయనకు మతి పోయింది. నల్లటి మట్టి. పార వేస్తే పిడి దాకా దిగేది. ఇల్లు కట్టడానికి గుంజలు పాతుతున్నప్పుడు అమ్మమ్మ తల పైకెత్తి సరుగుడు చెట్ల వైపు చూసింది. మనిషి మీద మనిషి నిలబడినా అందనంత ఎత్తున, కొమ్మల పంగల్లో ఎండిన గడ్డి, పుల్లలు ఇరుక్కుని ఉన్నాయి.

“ఏమయ్యా, అంత ఎత్తున చెత్త ఎట్లా పడింది?”

“ఏరు పెట్టింది.”

“మరి మన ఇల్లు దాని కిందే కడుతున్నావే.”

“గుట్ట మీద కట్టనా? రాళ్ళు ఉడకేసుకుని తిందామా?” అన్నాడు తాత. “థేమ్స్ మీద పుట్టినోణ్ణి నేను. నీళ్ళు నాకు కొత్తా?”

“థేమ్స్ నీకు చుట్టం. ఇదెవరో ఏమో.”

ఆయన నవ్వి గుంజ పాతాడు. ఆ మాటకొస్తే ఏటి ఒడ్డున ఉన్న ప్రతి ఇంటికీ ఆ గడ్డి కనబడుతూనే ఉండేది. ఎవరికీ తెలియక కాదు. గుట్ట మీద గోధుమ మోకాలెత్తు లేచేది కాదు, ఇక్కడ మొక్కజొన్న మనిషిని దాటిపోయేది. ఆకలి ఎరిగినవాళ్ళు నల్లమట్టిని చూస్తూ చూస్తూ వదిలి పోలేరు.

అయితే ఆ మట్టిలో వాళ్ళు వచ్చేసరికే పంట ఉంది. ఒడ్డంతా దుంపల తీగలు. ఏటి మనుషులు, అంటే మావాళ్ళు రాకముందు నుంచీ అక్కడ ఉన్నవాళ్ళు, తరతరాలుగా తవ్వుకుని తింటున్న దుంపలు. తాత వాటిని పెళ్ళగించి మొక్కజొన్న నాటాడు. కాలం రాగానే ఆడవాళ్ళు తవ్వుకోల్లు పట్టుకుని వచ్చారు. తవ్వడానికి ఏమీ లేదు. వాళ్ళు కాసేపు గట్టున నిలబడి, పొలంలోకి దిగి, పచ్చి కంకులు విరుచుకుని సంచుల్లో వేసుకున్నారు.

వాళ్ళలో ఒకామె పేరు నారిన్. కనీసం అమ్మమ్మ చెవికి అలా వినబడింది. తాత లేనప్పుడు అమ్మమ్మే ఆమెకు కంకులు ఇచ్చేది. ఆమె ఏటి చేపలు తెచ్చేది. ఇటు కొన్ని మాటలు, అటు కొన్ని మాటలు కలిశాయి. ఇద్దరికీ చంటిపిల్లలు ఉన్నారు. ఒకళ్ళ బిడ్డను ఒకళ్ళు ఎత్తుకుని బరువు చూసి నవ్వుకునేవాళ్ళు.

ఒక కోతల కాలంలో నారిన్ మొగుడు బురాన్ నలుగురైదుగురితో కలిసి పట్టపగలే పొలంలోకి వచ్చాడు. తాత గట్టు మీంచి కేకేశాడు. వాళ్ళు ఆగలేదు. తుపాకీ పేల్చాడు. గుండు బురాన్ భుజంలో దిగింది. అమ్మమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా చూసింది. మర్నాడు బాతు కొవ్వు, చింపిన నారగుడ్డ తీసుకుని వాళ్ళ గుడిసెల దాకా వెళ్ళింది. బురాన్ ఆమె వైపు చూడలేదు. నారిన్ ఆ గుడ్డ అందుకుని, మళ్ళీ రావద్దన్నట్టు చెయ్యి ఊపింది.

ఆ తర్వాతి మార్చి నెలలో వాన పట్టుకుంది. గోధుమ వాముల్లో ఉంది, మొక్కజొన్న ఇంకా పొలంలోనే ఉంది. ఏరు ఎర్రబారి ఒడ్డు దాకా వచ్చింది.

“పిల్లల్ని తీసుకుని గుట్టెక్కుదాం,” అంది అమ్మమ్మ.

“విత్తనం ఎవడి మొహాన కొట్టి పోను? పందుల్నేం చెయ్యను?” అన్నాడు తాత. “ఒడ్డు దాటలా ఇంకా. దాటినప్పుడు చూద్దాం.”

ఆయన ఏటి వైపే చూస్తూ కూర్చున్నాడు. ఏరు వెనక నుంచి వచ్చింది. పొలం వెనక ఉన్న పల్లం చడీచప్పుడు లేకుండా నిండి, గుట్టకు పోయే దారిని మింగేసింది. ఆ తర్వాత ఇంటి ముందున్న ఒడ్డు తెగింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అందరూ ఇంటి కప్పు మీద ఉన్నారు. తాత, అమ్మమ్మ, ఎనిమిదేళ్ళ మా అమ్మ తిర్జా, మూడేళ్ళ మా మేనమామ ఎబెన్, అమ్మమ్మ శాలువాలో పాలు తాగే జెమ్. కప్పంటే బెరడు పలకలు, వాసాలు. కాసేపటికి అది గుంజల మీంచి లేచి, అందరినీ మోసుకుంటూ కదిలి, రెండు సరుగుడు చెట్లకు అడ్డం పడి ఆగింది. పందులు అరుస్తూ కొట్టుకుపోయాయి. పక్కింటివాళ్ళ గోధుమ వామి, దాని మీద కోళ్ళతో సహా, ఎదురుగా తేలుతూ పోయింది.

పొరుగు రైతు ఏమస్ గబ్ పడవ కనబడింది. భార్య మార్జరీ, పిల్లలు, పెట్టెలు, మూటలు. పడవ అంచు దాకా మునిగి ఉంది.

“ఏమస్, పిల్లల్నన్నా ఎక్కించుకో,” అని అరిచాడు తాత.

“ఇంకొక్కళ్ళు ఎక్కినా అందరం పోతాం. వీళ్ళని దించి మళ్ళీ వస్తా.”

“ఆ పెట్టెలు పారెయ్యి.”

ఏమస్ ఏదో అన్నాడు. నీళ్ళ హోరులో వినబడలేదు. మళ్ళీ రాలేదు.

చెట్ల మధ్య నుంచి వచ్చింది బెరడు దోనె. వెనక నిలబడి గెడ వేస్తున్నది బురాన్. ఒక భుజం వంగి ఉంది. ముందు నారిన్. తాత తుపాకీ ఎత్తాడు.

“దించు,” అంది అమ్మమ్మ.

“వాడు నా మీద పగ పట్టినోడు. మనం ఇట్టా చిక్కుకున్నామని వస్తన్నాడు.”

“పట్టే ఉంటాడు. మన దగ్గర తీసుకుపోడానికి ఏముందయ్యా? దించు.”

తుపాకీ మందు ఎప్పుడో తడిసిపోయింది. అది పేలదని తాతకూ తెలుసు. అయినా చాలాసేపు అలాగే పట్టుకుని, చివరికి ఒళ్ళో పెట్టుకున్నాడు. దోనె కప్పు పక్కకు వచ్చి ఆగింది. దాని అంచు నీటికి బెత్తెడు కూడా పైకి లేదు. నారిన్ అరచెయ్యి కిందికి చూపింది. చిన్నవాళ్ళు మాత్రమే. అమ్మమ్మ తిర్జాను కూర్చోబెట్టి, ఎబెన్‌ను దాని ఒళ్ళో పెట్టింది. “వాణ్ణి వదిలావంటే చంపేస్తా,” అంది. మా అమ్మకు తల్లి చెప్పిన ఆ మాట బతికినన్నాళ్ళూ గుర్తుంది.

నారిన్ ఇంకా చేతులు చాచే ఉంది. “చిన్నది. ఇవ్వు,” అంది.

అమ్మమ్మ శాలువా బిగించుకుంది. “పాల బిడ్డ. నా దగ్గరే ఉంటాడు. మళ్ళీ వచ్చినప్పుడు నాతో వస్తాడు.”

నారిన్ చేతులు వెనక్కి తీసుకుంది. దోనె కదిలింది.

అది చెట్లు దాటిందో లేదో, ఎగువ నుంచి ఒక మాను వచ్చి కప్పును గుద్దింది. వాసాలు విడిపోయాయి. తాత అమ్మమ్మను రెక్క పట్టుకుని ఒక కొమ్మ మీదికి తోశాడు. ఆమె కొమ్మ పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే ఆయన లేడు. శాలువా చేతికి చుట్టుకుని ఉంది. అందులో జెమ్ లేడు.

దోనె మళ్ళీ వచ్చింది. కప్పు ఉన్న చోట తిరిగింది. నారిన్ నిలబడి చుట్టూ చూసింది. అమ్మమ్మ ఆకుల మధ్య నుంచి అంతా చూస్తూనే ఉంది, గొంతు పెగల్లేదు. కాసేపటికి దోనె వెళ్ళిపోయింది. నీళ్ళు తీయడం మొదలుపెట్టాక ఎవరి పడవో వచ్చి ఆమెను చెట్టు మీంచి దించింది. వేళ్ళు కొమ్మకు కరుచుకుపోయి ఉంటే ఒక్కొక్కటే విడదీశారట.

గుట్ట మీద ఊరంతా తడిగుడ్డలతో కూర్చుని ఉంది. మార్జరీ గబ్ పెట్టె మీద కూర్చుని ఉంది.

“నల్లోళ్ళ చేతికిచ్చావా పిల్లల్ని?” అంది. “ఇంకేముంది. ముగ్గురికీ కలిపి ఒకేసారి ఏడ్చుకో తల్లీ.”

అమ్మమ్మ ఏడవలేదు. లేచి గుట్టలెంబడి నడిచింది. కాళ్ళకు చెప్పుల్లేవు. పొగ కనబడిన ప్రతి చోటికీ వెళ్ళింది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్ళయ్యాయి, జ్వరం వచ్చింది. ఎక్కడ పడిపోయిందో, ఎప్పుడు లేచిందో తెలియదు. చివరికి ఒక వాగు పైన, నీళ్ళు రాళ్ళ మీంచి దూకే చోట, తిర్జా కనబడింది. బూడిద పూసిన ఒళ్ళు, భుజాల మీద బొచ్చు తోలు. ఎబెన్ నారిన్ ఒళ్ళో నిద్రపోతున్నాడు.

నారిన్ అమ్మమ్మ మొహం చూసింది. ఖాళీ శాలువా చూసింది. పక్కన కూర్చోబెట్టి, రవిక తడిసి గట్టిపడి ఉండటం చూసి, తన బిడ్డను తెచ్చి అమ్మమ్మ రొమ్ముకు పట్టించింది. అమ్మమ్మ అప్పుడు ఏడ్చింది. ఆ బిడ్డ తాగుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది. బురాన్ అటు తిరిగి కూర్చుని నిప్పుల్లో ఏవో వేళ్ళు కాల్చి, పిల్లల ముందు పెట్టాడు.

ఏరు తగ్గాక అమ్మమ్మ పిల్లలతో మళ్ళీ ఆ వంపుకే వచ్చింది. పోవడానికి ఇంకో చోటు ఉంటే కదా. ఇల్లు లేదు, గింజ లేదు, పొలమంతా బురద. తాత దొరకలేదు, జెమ్ దొరకలేదు. ఊరి గిడ్డంగి నుంచి దోసెడు విత్తనం ఇచ్చారు. అందులో కొంత ఆకలికి ఆగలేక పిల్లలే నమిలేశారు. మిగిలింది తల్లీ కూతుళ్ళు పారతో నాటారు. ఏటి ఒడ్డున ఆ ఏడు అందరిదీ ఒకటే ఆకలి. మావాళ్ళు గడ్డి గింజలు ఉడకేసుకున్నారు. ఏటి మనుషులకు దుంపలు లేవు, చేపలు లేవు. అమ్మమ్మ దొరికినప్పుడు దొరికినంత మూట కట్టుకుని నారిన్ వాళ్ళ కోసం వాగు పైకి వెళ్ళేది. తిర్జాను పొలం కాపలా ఉంచి, ఎబెన్‌ను వెంట తీసుకుపోయేది. అంత చిన్నవాణ్ణి వదిలి పోలేక.

మొక్కజొన్న మళ్ళీ కంకి పట్టేసరికి గొడవలు మొదలయ్యాయి. ఎగువన ఒక పశువుల కాపరిని ఈటెతో పొడిచారని వార్త వచ్చింది. ఎవరు పొడిచారో ఎవరికీ తెలియదు. ఏమస్ గబ్ తుపాకులు పట్టిన రైతుల్ని, కొందరు సిపాయిల్ని వెంటేసుకుని అమ్మమ్మ గుడిసె ముందు దిగాడు.

“హెస్టర్, ఆ గుంపు ఎక్కడుందో చెప్పు.”

“నాకేం తెలుసు?”

“మూట పట్టుకుని పోతుంటావంట. మా ఆవిడ చూసింది.”

“పుట్టగొడుగులకి పోతా.”

“ఈ ఎండల్లోనా?” ఏమస్ నవ్వాడు. మళ్ళీ నవ్వు ఆపేశాడు. “చూడు, మొగుడు లేని ఆడది ఇద్దరు పిల్లల్ని ఏం పెట్టి సాకుతోందని సర్కారు పెద్ద దొర ఇప్పటికే అడుగుతున్నాడు. సిడ్నీలో అనాథల ఇల్లుంది. ఒక్క మాట చెప్తే బండి వస్తుంది.”

“ఆ రోజు పడవలో చోటు లేదన్నావు ఏమస్. ఇవాళ బండిలో చోటుందా?”

ఏమస్ మొహం కందిపోయింది. “పాత సంగతులు వద్దు. ఎటు?”

అమ్మమ్మ పడమర వైపు చెయ్యి చూపింది. ఎండిపోయిన లోయ వైపు. అటు పోతే పొద్దుగూకేదాకా తిరిగినా మనిషి కనబడడు. వాళ్ళు గుర్రాలు తిప్పారు.

అప్పటికే ఒక సిపాయి ఎబెన్‌ను ఎత్తి జీను మీద కూర్చోబెట్టుకుని, నోట్లో బెల్లపు ముక్క పెట్టి ఆడిస్తున్నాడు. ఎబెన్ గుర్రం మీంచి అరిచాడు.

“అటు కాదు. నారిన్ వాళ్ళు నీళ్ళు దూకే రాళ్ళ దగ్గర ఉన్నారు. నాకు తెలుసు.”

అందరూ వాడి వైపు చూశారు. పెద్దవాళ్ళు తన మాట విన్నారని వాడి మొహం వెలిగిపోయింది. వాగు వైపు వేలు చూపించాడు.

“నిజం చెప్పేవాడు ఒకడున్నాడు ఇంట్లో,” అన్నాడు ఏమస్.

అమ్మమ్మ గుర్రం కళ్ళెం పట్టుకుంది. ఎవరో తుపాకీ మడమతో ఆమె మణికట్టు మీద కొట్టారు. ఎబెన్‌ను కిందికి దించి వాళ్ళు సాగిపోయారు. ఆమె పిల్లల్ని గుడిసెలోకి తోసి, “తలుపు తియ్యకు తిర్జా,” అని చెప్పి, మడుగు పక్కన ఉన్న అడ్డదారిన పరిగెత్తింది. గుర్రాలు చుట్టూ తిరిగి రావాలి. ముందు చేరతాననుకుంది. వాగు ఎక్కుతుండగా తుపాకులు పేలాయి. ఒకటి, ఆగి మరొకటి, ఆ తర్వాత వరసగా.

ఆమె వెళ్ళేసరికి వాళ్ళు పని ముగించుకుని అవతలి వైపు నుంచి దిగిపోయారు. బురాన్ నీళ్ళలో తల పెట్టి పడి ఉన్నాడు. గుడిసె ముందు ఒక ముసలామె. ఇంకా అటూ ఇటూ కొందరు. ఆమె ఒక్కొక్కరి మొహం తిప్పి చూసింది. నారిన్ లేదు. బిడ్డా లేదు. రాళ్ళ మీద నెత్తురు చుక్కలు అడవిలోకి కొంత దూరం పోయి ఆగిపోయాయి. పిలిచింది. జవాబు రాలేదు. దెబ్బ తిన్న చెయ్యి పనిచెయ్యక ఒంటిచేత్తోనే బెరడు పలకలు లాక్కొచ్చి అందరినీ కప్పి, రాళ్ళు పెట్టింది. వాళ్ళ ఆచారం ఏమిటో ఆమెకు తెలియదు. తనకు వచ్చిన ప్రార్థన చదవబోయి మానేసింది.

ఇంటికి వచ్చేసరికి ఎబెన్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

“నారిన్ వాళ్ళు కనబడ్డారా అమ్మా?”

“కనబడ్డారు.”

“నేనే చెప్పా దారి.”

“అవును. నువ్వే చెప్పావు. పద, అన్నం వేళయింది.”

ఇంట్లో అన్నమనే మాటే తప్ప తినడానికేమీ లేదు. తిర్జా పొయ్యి ముందు కూర్చుని తల్లి చేతుల వైపు చూసింది.

కొన్నాళ్ళకు గుట్ట మీద ఇళ్ళ స్థలాలు పంచారు. అమ్మమ్మ అక్కడికి మారింది. పొలానికి మాత్రం కిందికి దిగేది. ఏరు ఇంకోసారి పొంగింది, మరోసారి పొంగింది. ప్రతిసారీ పంట పోయింది, ప్రతిసారీ నాటింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకు కావలసింది ముప్పై ఎకరాలని ఆమెకు తెలుసు.

వాగు పైకి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఏరు దాటి ఉత్తర ఒడ్డుకూ వెళ్ళింది. ఒకసారి ఊళ్ళో దుప్పట్లు పంచుతుంటే ఏటి మనుషులు కొందరు వచ్చారు. ఆమె వాళ్ళలో ఒక ముసలాయన ముందు నిలబడి నారిన్ పేరు చెప్పి అడిగింది. ఆయన చప్పున మొహం తిప్పుకున్నాడు. తనను చూసి అసహ్యించుకున్నాడని ఆమె అనుకుంది. పోయినవాళ్ళ పేరు పలకడం వాళ్ళలో తప్పని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెప్పారు. అది విన్న రోజు నుంచి ఆమె వెతకడం మానేసింది.

ఎబెన్ పెద్దవాడై అవతలి ఒడ్డున పెద్ద రైతు అయ్యాడు. గుర్రాలు, గోధుమ, అయిదుగురు కొడుకులు. వరదలో తనను నల్లవాళ్ళు దోనెలో కాపాడిన సంగతి విందుల్లో చెప్పేవాడు. “తర్వాత వాళ్ళు కొండల్లోకి వెళ్ళిపోయారు పాపం, అదే వాళ్ళ పద్ధతి,” అని ముగించేవాడు. అమ్మమ్మ ఆ బల్ల దగ్గరే కూర్చుని రొట్టె తుంచుకుంటూ వినేది.

ఆమె పోయే ముందు మా అమ్మ అడిగింది. “తమ్ముడికి చెప్పనా?”

“వాడికెందుకే. వాడు పసివాడు,” అంది అమ్మమ్మ. అప్పటికి ఎబెన్‌కు జుట్టు నెరిసింది. “వాణ్ణి చంకనేసుకుని ఆ దారెంట తిప్పింది నేను. ఆ రోజు నారిన్ చేతులు చాచింది. జెమ్‌ని ఇచ్చి ఉంటే... ఆ చేతికివ్వాల్సిన వాణ్ణి ఇవ్వలా. ఇవ్వకూడనోళ్ళకి దారి ఇచ్చుకున్నా.”

మర్నాడు పోయింది. మా అమ్మ ఆ మాట నిలబెట్టింది. మేనమామ బతికి ఉన్నంతకాలం నోరు విప్పలేదు. ఆయన్ను పాతిపెట్టి వచ్చిన సాయంత్రం, ఊరంతా ఆయన మంచితనం చెప్పుకుని ఇళ్ళకు పోయాక, వంటింట్లో నన్ను కూర్చోబెట్టి ఇదంతా మొదటిసారి చెప్పింది. చెప్పడం అయ్యాక లేచి, చల్లారిన పొయ్యిలో మళ్ళీ కట్టెలు పెట్టడం మొదలుపెట్టింది.